ఉప్పుగాలి ఊళ్లో పాత స్పోర్ట్స్ కారు: కొనే ముందు ఎలా పరీక్షించాలి

విశాఖపట్నంలో పాత స్పోర్ట్స్ కారు అమ్మేవాళ్లు ముందుగా చెప్పే మాట "బండి అసలు తిరగలేదండీ" అని. మామూలు కారు విషయంలో అది మంచి మాటే. స్పోర్ట్స్ కారు విషయంలో, అందులోనూ సముద్రం పక్కనున్న ఊళ్లో, ఆ మాట వినగానే జాగ్రత్త పడాలి. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగి, మిగతా రోజులన్నీ బీచ్ రోడ్డు అపార్టుమెంటు సెల్లారులో కవరు కప్పుకుని నిలబడిన కారు కంటే, ఏటా ఏడెనిమిది వేలు తిరిగి వేళకు ఆయిలు మార్పించుకున్న కారే ఆరోగ్యంగా ఉంటుంది. కవరు కింద తేమ చేరుతుంది, దానితో ఉప్పు చేరుతుంది. కదలని ఇంజిన్‌లో ఆయిలు అడుగుకు జారిపోతుంది. రబ్బరు సీళ్లు బిరుసెక్కుతాయి, టైర్లు నేలకు ఆనిన చోట చదునవుతాయి, బ్రేకు పిస్టన్లు పట్టేస్తాయి. అందుకే ఇక్కడ చెప్పే పరీక్షలు చాలావరకు రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుతాయి: ఈ కారు ఎంతకాలం నిలబడింది, ఎక్కడ నిలబడింది?

పోర్షే బాక్స్‌స్టర్, కేమన్, 911, బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ, ఫోర్డ్ మస్టాంగ్, జాగ్వార్ ఎఫ్-టైప్ లాంటివైనా, వేగం మీద ఇష్టంతో కొనే పోలో జీటీఐ, ఆక్టావియా వీఆర్ఎస్ లాంటివైనా పద్ధతి ఒకటే. కొన్ని మోడళ్లకు సొంత జబ్బులున్నాయి. అవి వచ్చిన చోట చెబుతాను.

మొదటి మెట్టు: కారు చూడక ముందే కాగితాలు

ఆర్సీ రెండు వైపులా ఫొటో తీసి పంపమని అడగండి. పరివాహన్ పోర్టల్‌లో గాని, ఎంపరివాహన్ యాప్‌లో గాని నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి తెలుస్తాయి. చలానాలు కూడా అప్పుడే చూసుకోండి. లోను తీరిపోయిందని నోటితో చెబితే సరిపోదు. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 ఉంటేనే ఆర్సీలోంచి హైపొథికేషన్, అంటే కారు బ్యాంకుకు తాకట్టులో ఉందన్న నమోదు, తొలగుతుంది.

నంబరు ప్లేటు కొంత కథ చెబుతుంది. ఏపీ 31 అంటే విశాఖ రవాణా కార్యాలయంలో రిజిస్టరైన బండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ మొదలైంది కాబట్టి ఆ నంబరును బట్టి ఊరు చెప్పలేం. ఆర్సీలో రిజిస్టర్ చేసిన కార్యాలయం పేరు చూడాలి. ఎందుకంటే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లున్నాయి. 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరులోనూ చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో మునిగినవీ ఉన్నాయి. మునిగిన కారును మునిగిన ఊళ్లోనే అమ్మడం కష్టం. అది వేరే ఊరికి చేరుతుంది. ఆ ఊళ్లలో, ఆ నెలల్లో కారు ఉందని తేలితే, కింద చెప్పిన నీటి పరీక్షలో ఒక్క అంశం కూడా వదలకండి.

పీవై నంబరుతో, అంటే పుదుచ్చేరి రిజిస్ట్రేషన్‌తో ఉన్న ఖరీదైన కార్లు చాలా కనిపిస్తాయి. అక్కడ పన్ను తక్కువ కావడమే కారణం. ఏ రాష్ట్రపు కారైనా మన రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. అందుకు పాత కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, కారు వయసును బట్టి ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. స్పోర్ట్స్ కారుకు అది చిన్న మొత్తం కాదు. బేరం మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో లెక్క వేయించుకోండి.

తర్వాత సర్వీసు రికార్డు. ప్రతి బిల్లు మీదా తేదీ, కిలోమీటర్లు ఉంటాయి. వాటిని వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. రెండు బిల్లుల మధ్య రెండేళ్ల ఖాళీ ఉంటే కారు నిలబడింది అక్కడే. కిలోమీటర్లు ఎంత తక్కువైనా ఆయిలు ఏడాదికోసారి, బ్రేకు ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాలి. "తిరగలేదు కదా అని మార్చలేదు" అనే జవాబు చాలాసార్లు వింటారు. ధర తగ్గించమని అడగడానికి అదే మొదటి కారణం.

పాత బీమా పాలసీలు, క్లెయిముల వివరాలు కూడా అడగండి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ ఆ కారును పూర్తి నష్టంగా లెక్కగట్టి స్క్రాప్ కింద అమ్మేస్తుంది. అలాంటి కారు బాగుపడి మళ్లీ మార్కెట్లోకి వస్తే, పైకి చూసి గుర్తుపట్టడం కష్టం.

రెండో మెట్టు: ఉదయం, పొడి రోజున, చల్లటి ఇంజిన్‌తో

వాన పడిన రోజున పెయింటు చూడలేం, రాత్రి దీపాల కింద అసలే చూడలేం. పొద్దున ఏడు గంటల ప్రాంతంలో వెళ్లండి. ముందు రోజే చెప్పండి, మీరు వచ్చేదాకా కారు స్టార్టు చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. బాక్స్‌స్టర్, 911 లాగా ఇంజిన్ సీట్ల వెనక ఉండే కారైతే వెనుక సైలెన్సర్ దగ్గర చూడండి. వేడిగా ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చేసే శబ్దాన్ని మీకు వినిపించకూడదని ఎవరో అనుకున్నారు. మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

వెంట తీసుకెళ్లాల్సినవి: మంచి టార్చి, పెయింటు మందం కొలిచే గేజి, ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం), పాత దుప్పటి, తెల్లటి గుడ్డ. కారు మీద మోజు లేని ఒక స్నేహితుడిని కూడా తీసుకెళ్లండి. అందమైన కారు ముందు నిలబడితే ఎవరి బుద్ధీ సరిగా పనిచేయదు. ఆ మోజు లేని కన్ను చాలా అవసరం.

మూడో మెట్టు: కింది భాగం

చాలామంది పైన మెరుపు చూసి, లోపల సీట్లు చూసి, చివర్లో వంగి ఒకసారి కిందికి తొంగిచూస్తారు. విశాఖలో ఈ వరుస తిరగేయాలి. గాజువాక ఆటోనగర్‌లోనో మీకు నమ్మకమున్న షెడ్డులోనో లిఫ్టు మాట్లాడుకుని, కారును పైకెత్తించి చూడండి. లిఫ్టు చేతులు ఆనించే చోట్లు ముందు చూడాలి. తలుపుల కింది అంచు నలిగిపోయి ఉంటే, అంతకుముందు ఎత్తినవాళ్లకు ఈ కారు గురించి తెలియదన్నమాట. మిగతా పనులు కూడా అలాంటి చేతుల్లోనే జరిగి ఉండవచ్చు.

స్పోర్ట్స్ కార్లకు అడుగున ప్లాస్టిక్ పలకలుంటాయి. గాలి సాఫీగా జారిపోవడానికి పెట్టిన ఆ పలకల వెనకే ఇసుక, తేమ, ఉప్పు గూడు కట్టుకుంటాయి. వాటిని విప్పించండి. అరగంట పని. విప్పడానికి యజమాని ఒప్పుకోకపోతే, నా మాటగా చెబుతున్నాను, ఆ కారు వద్దు.

విప్పాక బ్రేకు పైపు వెంట టార్చి వేస్తూ నడవండి. పైపు సాఫీగానే కనిపిస్తుంది. దాన్ని బాడీకి పట్టి ఉంచే క్లిప్పు దగ్గర ఆగండి. ఉప్పునీరు నిలిచేది ఆ క్లిప్పుకూ పైపుకూ మధ్య వెంట్రుకవాసి సందులో. తెల్ల గుడ్డతో అక్కడ గట్టిగా తుడవండి. గుడ్డకు ఎర్రమన్ను లాంటి పొడి మాత్రమే అంటితే పైపైన పట్టిన తుప్పు. పొరలు పొరలుగా పెచ్చులు ఊడివస్తే, గోరుకు గుంట తగిలితే ఆ పైపు మార్చాల్సిందే. ఒక క్లిప్పు దగ్గర అలా ఉందంటే మిగతా క్లిప్పులన్నీ చూడాలి. అలాగే సస్పెన్షన్ స్ప్రింగుల అట్టడుగు చుట్టు, సైలెన్సర్ జాయింట్ల బోల్టులు, బాడీకి ఎర్త్ వైర్లు బిగించిన చోట్లు, సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే చట్రం) వెల్డింగు గీతలు చూడండి. బోల్టు తలలు కరిగి గుండ్రమైతే రేపు మీ మెకానిక్ వాటిని విప్పలేడు, కోసి తీయాలి.

అడుగుభాగమంతా తాజా నల్లటి పూతతో నిగనిగలాడుతుంటే సంతోషించకండి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టుతూ వెళ్లండి. గట్టి రేకు మోగుతుంది, తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది.

ఎఫ్-టైప్ లాంటి అల్యూమినియం బాడీకి ఎర్ర తుప్పు పట్టదు. ఉక్కు బోల్టు, రివెట్టు తగిలిన చోట తెల్లటి పొడి వస్తుంది, పెయింటు కింద బుడగలు లేస్తాయి. తలుపు అంచులు, బానెట్ ముందు అంచు వేళ్లతో తడిమి చూడండి.

ముందు బంపరు గాలి రంధ్రాల్లోకి కూడా టార్చి వేయండి. బాక్స్‌స్టర్, 911లలో రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు ముందు రెండు మూలల్లో ఉంటాయి. వాటి మీద ఎండుటాకులు, ఇసుక పేరుకుని తడిసి ఆరుతుంటే అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. రెక్కలు రాలాయంటే ఏసీ గ్యాసు కారడానికి ఎంతో కాలం పట్టదు.

నాలుగో మెట్టు: పెయింటు, పైకప్పు, హుద్‌హుద్

కంపెనీ పెయింటు మందం సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే మళ్లీ పెయింటు వేశారు. వెయ్యి చూపిస్తే లోపల పుట్టీ ఉంది. గేజి అల్యూమినియం మీద కూడా చదివేదై ఉండాలి. ప్లాస్టిక్ బంపర్ల మీద అది పనిచేయదు. ఒక తలుపుకో ముందు బంపరుకో మళ్లీ పెయింటు వేయడం పెద్ద తప్పేమీ కాదు. పైకప్పు, దాన్ని మోసే స్తంభాలు, తలుపు తెరిస్తే కనిపించే చట్రం, ఇంజిన్ గది లోపలి గోడలు మాత్రం ముట్టనివై ఉండాలి.

విశాఖలో 2014కు ముందునుంచీ ఉన్న కారైతే పైకప్పును మరింత శ్రద్ధగా కొలవండి. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీదే తీరం దాటింది. చెట్లు, హోర్డింగులు, రేకులు పార్కు చేసిన కార్ల మీద పడ్డాయి. అద్దాల మూలల్లో తయారీ సంవత్సరపు గుర్తు ఉంటుంది. ముందు అద్దం మారడం మామూలే. పక్క అద్దాలు, వెనుక అద్దం కూడా కారు కంటే కొత్తవైతే ఎందుకని అడగాలి.

బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు పగిలి ఉంటే వాటిని విప్పారు. చాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది, అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు రావు. కారు మీద చెక్కింది, స్టిక్కర్ మీదిది, ఆర్సీలోది, స్కానర్ చూపేది నాలుగూ ఒకటై ఉండాలి.

పోర్టు చుట్టుపక్కల పార్కు చేసిన కార్ల మీద బొగ్గు, ఇనుప ఖనిజపు దుమ్ము పడుతుంటుంది. ఏసీ ఫిల్టరు బయటికి లాగి చూడండి. నల్లగా గట్టిపడి ఉంటే ఇంజిన్ ఎయిర్ ఫిల్టరు కూడా అప్పుడే తీసి చూడాలి.

ఐదో మెట్టు: నీటి జాడ

సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూర మీద బురద గీత, బూజు వాసన ఉంటే కారు మునిగింది. కార్పెట్ మార్చేవాళ్లు ఉంటారు గాని బెల్టు చివర కడిగేవాళ్లు అరుదు. సీటు పట్టాల కింది బోల్టులు, డిక్కీలో స్టెపినీ గుంట, దీపాల లోపలి ఆవిరి, ఫ్యూజు డబ్బాలో పచ్చటి కిలుము కూడా చూడండి.

టాపు తెరుచుకునే కార్లలో వరద రాకపోయినా నీరు చేరుతుంది. టాపు మడత పడే చోట నీరు పోయే సన్న గొట్టాలుంటాయి. ఆకులు, ఇసుక పడి అవి మూసుకుపోతే మన వానాకాలపు నీరంతా సీట్ల కిందికి దిగుతుంది. బాక్స్‌స్టర్‌లో సీటు కిందే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, అది తడిస్తే కారు తాళానికే పలకదు. సీటు వెనక కార్పెట్‌ను గట్టిగా నొక్కి, గుడ్డకు తడి అంటుతుందేమో చూడండి. తర్వాత టాపును కనీసం రెండుసార్లు పూర్తిగా తెరిచి మూయించండి.

ఆరో మెట్టు: స్టార్టు చేయడం, స్కాన్ చేయడం

స్నేహితుడిని వెనక నిలబెట్టి మీరు స్టార్టు చేయండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ తియ్యటి వాసనతో ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోంది. పోర్షే సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి స్టార్టు చేయగానే కాస్త పొగ వచ్చి కొన్ని క్షణాల్లో పోతే భయం లేదు.

తర్వాత స్కానర్ పెట్టండి. కోడ్‌లు ఏమీ లేవని కనిపిస్తే అక్కడితో ఆగకండి. రెడినెస్ మానిటర్ల పేజీ, అంటే కారు తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందా అని చూపే పేజీ, తెరవండి. మీరు వచ్చే ముందు ఎవరైనా కోడ్‌లు చెరిపేసి ఉంటే ఆ మానిటర్లు "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. మళ్లీ పూర్తి కావడానికి కారు రకరకాల వేగాల్లో చాలా దూరం తిరగాలి. అలాంటప్పుడు కారు తిరిగాక మళ్లీ స్కాన్ చేస్తానని చెప్పండి.

చాలా పోర్షే కార్ల కంప్యూటర్లో ఇంజిన్ నడిచిన గంటలు కూడా నమోదై ఉంటాయి. మీటరు వెనక్కి తిప్పారా అని తేల్చడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. మీటరు 24,000 కిలోమీటర్లు, కంప్యూటర్ 800 గంటలు చూపిస్తే సగటు వేగం గంటకు 30. నగరంలో తిరిగిన కారుకు నమ్మదగిన లెక్క. అదే 24,000కు 2,000 గంటలంటే సగటు 12 కిలోమీటర్లు. రోజూ ఎన్‌ఏడీ జంక్షన్లో ఇరుక్కున్నా అంత తక్కువ రాదు. 911లో 997 అనే తరం నుంచి, గేర్లు చేత్తో మార్చే కార్లలో ఇంజిన్ వేగపు హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో కూడా, కొద్దిగా దాటినదాని నుంచి బాగా దాటినదాని దాకా, ఆరు శ్రేణులుగా ఉంటుంది. మొదటి రెండు మూడు శ్రేణుల్లో అంకెలుండటం సహజం. నాలుగు నుంచి పైకి అంకెలుంటే, అవీ ఇటీవలి గంటల్లో నమోదైతే, తప్పు గేరు పడి ఇంజిన్ దెబ్బతిని ఉండవచ్చు.

మోడళ్ల సంగతి. 1997 నుంచి 2008 దాకా వచ్చిన 911, బాక్స్‌స్టర్, కేమన్ ఇంజిన్లలో (911 టర్బో, జీటీ3 మినహా) ఐఎంఎస్ బేరింగు (ఇంజిన్ లోపలి మధ్య షాఫ్టును మోసే బేరింగు) విరిగే ప్రమాదం ఉంది. మార్చిన బిల్లు ఉందేమో అడగండి, ఆయిలు ఫిల్టరు కోయించి లోహపు తునకలున్నాయేమో చూపించండి. వీ8 బీఎండబ్ల్యూ ఎం3లో రాడ్ బేరింగులు (పిస్టన్ రాడ్లు క్రాంక్‌షాఫ్టును పట్టుకునే చోట ఉండేవి) ముందే అరుగుతాయి. పోలో జీటీఐలో పొడి క్లచ్చుల డీఎస్‌జీ గేర్‌బాక్సు (రెండు క్లచ్చులతో తానే గేర్లు మార్చుకునేది) ఉంటుంది. మెల్లగా కదిలేటప్పుడు ఒకటి, రెండు గేర్ల మధ్య వణికితే క్లచ్చులో, గేర్లు మార్పించే మెకట్రానిక్స్ యూనిట్టో ఖర్చు పెట్టిస్తాయి. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజిన్లు చాలావాటిలో వాల్వుల వెనక మసి పేరుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు తడబడుతూ తిరిగితే అదొక కారణం.

పెట్రోలు మూత లోపలి స్టిక్కర్ కూడా చదవండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత స్పోర్ట్స్ కార్లు చాలావాటిని అంత ఇథనాల్‌కు తయారు చేయలేదు. ఇంధన గొట్టాలు మెత్తబడ్డాయేమో, పెట్రోలు వాసన వస్తోందేమో చూడాలి. ట్యాంకు నిండుగా నెలల తరబడి నిలబడిన కారైతే మరీ జాగ్రత్త.

ఏడో మెట్టు: టైర్లు, బ్రేకులు

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే అరగకపోయినా మార్చాల్సిందే, ఈ వేగాల దగ్గర పాత రబ్బరును నమ్మకూడదు. చక్రాలను బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి వంకర పోయాయేమో చూడండి. రాత్రికి రాత్రి బ్రేకు డిస్కుల మీద పట్టే పల్చటి తుప్పు సముద్రపు గాలికి మామూలే, రెండు బ్రేకులు వేస్తే పోతుంది. గుంటలు పడితే పోదు. కనిష్ఠ మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది, కొలవండి. కార్బన్ సిరామిక్ డిస్కులైతే అంచుల్లో పెచ్చులు లేచాయేమో చూడండి, వాటి ఖరీదుకు ఒక మామూలు కారే వస్తుంది.

ఎనిమిదో మెట్టు: నడిపి చూడటం

బీమా, కాలుష్య ధ్రువపత్రం చెల్లుతున్నాయని చూసుకుని బయల్దేరండి. ఆర్కే బీచ్ వైపు మాత్రం వద్దు. అక్కడ జనం తప్ప కారు గురించి ఏమీ తెలియదు. మెల్లగా, గతుకుల మీద మొదలుపెట్టండి. ముందు చక్రాల నుంచి ఠక్ మన్నా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు గరగర వచ్చినా గుర్తు పెట్టుకోండి. ఇంజిన్ వేడెక్కాక సింహాచలం ఘాట్ ఎక్కించండి. ఆ మలుపుల్లో తక్కువ గేర్ల లాగుడు, క్లచ్చు జారడం, దిగేటప్పుడు బ్రేకు పెడల్ వణుకు అన్నీ బయటపడతాయి. దిగాక ఏసీ వేసి పది నిమిషాలు నిలిపి ఉంచి ఉష్ణోగ్రత ముల్లు మీద కన్ను వేయండి. ఫ్యాన్లు సరిగా తిరిగితే అది కదలకూడదు. చివరగా ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్లే ఆరు వరుసల రహదారి మీద చట్టం ఒప్పుకునే వేగంలో నిలకడగా నడపండి. స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే కారు ఒక పక్కకు లాగకూడదు. పాటలు వద్దు, అమ్మేవాళ్లతో కబుర్లు కూడా వద్దు.

తొమ్మిదో మెట్టు: నిపుణుడి చేత, ఆపై బేరం

ఇన్ని దాటిన కారుకు మాత్రమే నిపుణుడి ఫీజు పెట్టండి. కంప్రెషన్ (సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో చూసేది), లీక్‌డౌన్ (సిలిండర్లోంచి ఎంత శాతం గాలి కారిపోతోందో చూసేది) పరీక్షలు చేయించండి. లీక్‌డౌన్ 10 శాతం లోపు ఉంటే మంచి ఇంజిన్, 20 దాటితే విప్పాల్సిన ఇంజిన్. ఒక సిలిండర్ మిగతావాటికి భిన్నంగా ఉండటం కూడా చెడు గుర్తే. ఆ బ్రాండ్ అధీకృత సర్వీసు విశాఖలో లేకపోతే, దగ్గర్లో ఉన్న ఊరికి కారును ఫ్లాట్‌బెడ్ లారీ మీద పంపే ఖర్చును కూడా ఏటా వచ్చే ఖర్చుల్లో రాసుకోండి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు, పరీక్షలో లోపం తేలితే డబ్బు తిరిగి ఇస్తామని రాయించుకోండి.

బేరం చేసేటప్పుడు "బాగా తగ్గించండి" అనకండి. టైర్లు, డిస్కులు, కండెన్సర్, ఆలస్యమైన సర్వీసు, ఒక్కోదానికి షెడ్డు ఇచ్చిన అంచనా కాగితం ముందు పెట్టండి. వాదన పెరగదు, ధర తగ్గుతుంది.

డబ్బు చేతులు మారిన రోజే, యాజమాన్యం మార్చడానికి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పూర్తి కావాలి. కారు అప్పగించిన తేదీ, గంట రాసిన కాగితం ఇద్దరి దగ్గరా ఉండాలి. అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. రాష్ట్రం మారితే అమ్మినవాళ్ల గడువు 45 రోజులు. బీమాను కూడా 14 రోజుల్లోపే మీ పేరు మీదికి మార్చుకోండి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిములు చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా కట్టాలి. పేరు మారే దాకా మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ చేసుకోలేరు కాబట్టి, ఆ కాగితం చేతికొచ్చే వరకు కారును ఇంట్లోనే ఉంచి, ఈలోగా ఆయిలు, బ్రేకు ఫ్లూయిడ్, కూలెంట్ మార్పించి, అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించి ఆరబెట్టండి.